వీపు డాక్టరు

పోయిన నెల పదో తేదీ సాయంత్రం అయిదున్నరకు, బాబుపేట్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల కిరాణా కొట్టు నడిపే ఆమె ఒక కాగితం పట్టుకొని వచ్చింది. వాళ్ల మనవరాలికి అయిదు నెలలు. పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఆయాసపడుతోందని ఆ పొద్దున పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి కుర్ర డాక్టరు పిల్ల ఛాతీ మీద ఏదో జిగురు రాసి, చేతిలోని పరికరాన్ని అటూ ఇటూ తిప్పి, తెర మీద చూసి, కాగితం రాసిచ్చాడట.

"ఎంతసేపు చూశాడు?" అని అడిగాను.

"పదకొండు పన్నెండు నిమిషాలు పట్టుంటది పెద్దమ్మా."

కాగితం ఇంగ్లీషులో ఉంది. గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తీసుకుపోయే నాళాలు రెండు వైపులా పుట్టుకతోనే సన్నగా ఉన్నాయని రాశారు. ఆమెకు అర్థమయ్యేటట్టు చెప్పాను. ఇప్పుడు లోపలికి చిన్న బెలూను పంపి వెడల్పు చేస్తారనీ, ఆలస్యం చేయకుండా నాగపూర్ తీసుకుపొమ్మనీ చెప్పాను. ఆమె కాగితం మడిచి కొంగున పెట్టుకొని పోయింది.

నాకు ఎనభై రెండేళ్లు. ముప్పై ఆరేళ్లు నర్సుగా పనిచేశాను. ఆ జబ్బు పేరు రాసిన కాగితం నా చేతికి రావడం అది రెండోసారి. మొదటిసారి ఆ పేరు తేలడానికి నాలుగు నెలల పదహారు రోజులు పట్టింది. తేల్చిన మనిషి పేరు రాయను. రాసినా ఇక్కడ గుర్తుపట్టేవారు లేరు.

అప్పుడు ఈ ఊరిని చాందా అనేవారు. 1956 నవంబరు ఒకటి, గురువారం నాడు మా రాజురా హైదరాబాదు రాష్ట్రంలోంచి బొంబాయి రాష్ట్రంలోకి పోయింది. అదే పొద్దున చాందా మధ్యప్రదేశ్‌లోంచి బొంబాయిలోకి వచ్చింది. ఎవరూ ఇల్లు కదల్లేదు, వార్ధా నది కూడా ఉన్నచోటే ఉంది. నేను రాజురాలో పుట్టి, హైదరాబాదులో నర్సు చదువు చదివి, మరుసటి ఫిబ్రవరిలో చాందాలో ఒక ఆసుపత్రిలో చేరాను. అక్కడ మూడు సర్కార్ల మనుషులం ఒకే కప్పు కింద పనిచేసేవాళ్లం. మూడు రకాల ఫారాలు ఉండేవి. జ్వరం పట్టీని ఒకరు అడ్డంగా గీసేవారు, ఒకరు నిలువుగా గీసేవారు. పట్టీని సరిగా చదవడానికే నాకు నెల పట్టింది.

ఆ జబ్బు తేల్చిన ఆయన ఏప్రిల్ ఎనిమిదిన వచ్చారు. నిజాం జమానాలో ఉర్దూలో చదువుకున్న తెలుగు డాక్టరు. యాభై దాటలేదు గాని దాటినట్టే ఉండేవారు. భార్యాపిల్లలు కరీంనగర్ దిక్కున ఉండేవారు. హైదరాబాదు రాష్ట్రపు ఉద్యోగులను మూడు రాష్ట్రాలకు పంచారు కదా, ఆయన్ని తాత్కాలికంగా బొంబాయి రాష్ట్రానికి వేశారు. ఖాయం చేసే జాబితా ఇంకా రాలేదు. ఆసుపత్రి వెనక గదిలో ఇనుప మంచం, మంచం కింద రేకు పెట్టె. ఆ పెట్టెను ఆయన ఎన్నడూ పూర్తిగా విప్పలేదు. పై వరసలోని రెండు చొక్కాలే మార్చి మార్చి తొడుక్కునేవారు.

"పెట్టె సర్దుకోరాదా సార్?" అని ఒకసారి అన్నాను.

"ఏ రాష్ట్రపోణ్ణో తెలిసినంక సర్దుకుంట. ఇప్పుడు సర్దితే మల్ల కట్టాలె."

రోజూ పదకొండింటికి టపా వచ్చేది. గుమాస్తా తలుపు దగ్గర కనబడగానే ఆయన తల ఎత్తకుండానే "లిస్టు?" అనేవారు. గుమాస్తా "నహీ సాబ్" అనేవాడు. ఆ రెండు ముక్కలూ గోడగడియారం గంటకొట్టినట్టు రోజూ ఒకే గొంతుతో వినబడేవి.

పిల్లలను ఆయన వీపు వైపు నుంచి చూడడం మొదలుపెట్టేవారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. అప్పుడు ఒక్క పొద్దున నూట యాభై మంది వచ్చేవారు. పిల్లలు తెల్లకోటు చూడగానే ఏడుపు అందుకునేవారు, ఏడిస్తే ఏమీ వినబడదు. అందుకని ఆయన తల్లి భుజం మీద పిల్లను వేసుకొమ్మని, తాను వెనక నిలబడి, వీపు మీద స్టెతస్కోపు గొట్టం పెట్టేవారు. పిల్ల గోడను చూస్తూ ఉండేది. గొట్టం బిళ్లను అంతకుముందే పిడికిట్లో పట్టుకొని వెచ్చబెట్టేవారు.

"ఇనుము సల్లగుంటే పిల్ల ఊపిరి బిగవడ్తది. బిగవట్టిన ఊపిరి అబద్ధం చెప్తది" అనేవారు.

వినేటప్పుడు కళ్లు మూసుకునేవారు. మా ఆయా నవ్వేది. "సారు నిలవడే పండుకున్నడు, జర దుప్పటి కప్పరాదు సిస్టరమ్మా" అనేది. విన్నాక ఆయన అనేమాట ఒకటే, "ఇంకొక్కసారి". వరస వరండా దాటి చెట్టు దాకా పోతున్నా "ఇంకొక్కసారి" అనేవారు. నాకు ఒళ్లు మండేది. పన్నెండింటికి ముగియవలసిన పని రెండు దాటేది, నా పట్టీలన్నీ ఆలస్యమయ్యేవి. ఊళ్లోని మరాఠీ వాళ్లు ఆయనకు పాఠీచా డాక్టర్ అని పేరు పెట్టారు. తెలుగు వాళ్లం వీపు డాక్టరు అన్నాం.

మొహాలు ఆయనకు గుర్తుండేవి కావు. నన్ను బజారులో మామూలు చీరలో చూసి రెండుసార్లు గుర్తుపట్టలేదు. మూడు నెలల కింద చూసిన పిల్లవాడి వీపు మీద గొట్టం పెట్టగానే మాత్రం "వీడు ఎండకాలంల వచ్చిండు గదా, కుడి దిక్కు గురగుర ఉండె" అనేవారు. మరాఠీ రాలేదు. నొప్పి ఉందా అనడానికి "దుఖ్తా హై కా?" అని ఉర్దూకీ మరాఠీకీ మధ్య ఏదో అడిగేవారు, వాళ్లు నవ్వుతూ జవాబు చెప్పేవారు. మెచ్చుకోవడం ఎరగరు. కోపం వస్తే అరవకుండా, నా పట్టీని నా చేతికే తిరిగి ఇచ్చి మళ్లీ రాయమనేవారు.

సెప్టెంబరు రెండు, సోమవారం. క్షయ వార్డు చూసే డాక్టరు సెలవు మీద పోతే ఆయన్ని పంపారు. పొద్దుటి పని ముగిశాక ఆ వార్డు కూడా నాదే. తొమ్మిదో మంచం మీద మల్లక్క ఉండేది. ఆరేళ్ల పిల్ల, ఇరవై తొమ్మిది పౌన్లు. రాజురా దాటి కోర్పనా దారిలో ఒక పల్లె వాళ్లది, పత్తి, జొన్న పండించే తెలుగువాళ్లు. జూన్ పద్దెనిమిదిన చేరింది. సన్నబడ్డ పిల్ల, నాలుగడుగులు వేస్తే ఆయాసం, వానాకాలం దగ్గు. ఆ రోజుల్లో ఇవి మూడూ కలిస్తే ఎవరైనా క్షయ అనే రాసేవారు. ఆమె కార్డు మీద ఎర్రగీత పడింది. రోజుకొక స్ట్రెప్టోమైసిన్ సూది. అప్పటికి డెబ్బై ఏడు సూదులు అయ్యాయి. అందులో యాభై రెండు నా చేత్తో వేశాను.

"ఎత్తుకో అమ్మా" అన్నారు ఆయన పిల్ల తల్లితో.

"పెద్దగైంది సారు, కూసుంటది."

"ఎత్తుకో. గోడ దిక్కు చూస్తది, నన్ను చూడది."

తల్లి ఎత్తుకుంది. ఆయన బిళ్లను పిడికిట్లో వెచ్చబెట్టి, ఎడమ వీపున పెట్టారు. తరవాత కుడి వీపున, తరవాత రెండు చంకల్లో. మళ్లీ ఎడమ వీపున. గోడగడియారం చూశాను, నాలుగు నిమిషాలు దాటింది. నన్ను పిలిచి గొట్టం నా చెవులకు పెట్టారు.

"ఏమినవడ్తున్నది?"

"ఊపిరి సార్. ఉస్సుమంటున్నది."

"ఊపిరి ఆపు బిడ్డా" అన్నారు మల్లక్కతో. "నేను చెప్పేదాంక వదలకు."

పిల్ల బుగ్గలు పూరించి ఆపింది. నా చెవుల్లో ఆ ఉస్సు ఆగలేదు. నాడి కొట్టినప్పుడల్లా, సన్నటి సందులోంచి నీళ్లు తోసుకుపోతున్నట్టు, ఉస్సు, ఉస్సు.

"ఊపిరి ఆగింది, సప్పుడు ఆగలే. మరి గదేంది సిస్టర్?"

అప్పుడు పిల్లను ముందుకు తిప్పి గుండె మీద వినిపించారు. అక్కడ ఆ చప్పుడు చాలా తక్కువగా ఉంది. ఇంతకుముందు చూసిన వాళ్లందరూ గుండెను ముందు వైపు నుంచే విన్నారు. వీపున విన్నవాళ్లు ఊపిరి కోసమే విన్నారు. ఆయన మంచం పట్టీ మీద కూర్చొని, గుండె దాటినంక, ఊపిరితిత్తుల్లోకి పోయే దారిలో ఎక్కడో ఇరుకు ఉండాలని మెల్లగా చెప్పారు. పుట్టుకతోనే ఉన్న ఇరుకు. తాను ఇంతవరకు పుస్తకంలో తప్ప చూడలేదనీ, తప్పయితే తప్పయి ఉండవచ్చనీ కూడా అన్నారు.

తరవాత నా పట్టీ అడిగారు.

"జ్వరం?"

"డెబ్బై ఏడు రోజుల్లో రెండు రోజులే వచ్చింది సార్."

"మరి క్షయ అని ఎట్ల సాగదీస్తున్నరు?"

"సాయంత్రం నాడి నూట ముప్పై ఉంటున్నది. ఊపిరి నలభై. తగ్గట్లేదని పెద్ద డాక్టరుగారు సూదులు కొనసాగించమన్నారు."

"నువ్వెప్పుడు లెక్కవెడ్తవ్?"

"నాలుగూ పదికి. ఒక్క రోజు కూడా తప్పలేదు."

"నాలుగింటికి ఏమైతది?"

"సూది."

"యాడ?"

"వరండా ఆ చివరి గదిలో."

"పిల్ల ఆడిదాంక ఎట్ల పోతది?"

"నడిచి" అన్నాను. అన్నాక నాకు తెలిసింది.

ఆయన పట్టీని మడిచి నా చేతిలో పెట్టారు. "నీ లెక్క తప్పు గాదు. కానీ నువ్వు లెక్కవెట్టింది రోగాన్ని గాదు, వరండాని" అన్నారు.

డెబ్బై ఏడు రోజులు నేను గడియారం చూసి, నిమిషం తప్పకుండా, నడిచి వచ్చి ఆయాసపడుతున్న పిల్ల నాడి పట్టుకొని రాశాను. ఆ వరస అంకెలు చూసే సూదులు సాగాయి. ఆ సూదులు ఎక్కువైతే చెవులు పోతాయి. ఆయన పిల్ల తల వెనక వేళ్లు రుద్దారు, కుడి వైపు, ఎడమ వైపు. పిల్ల రెండుసార్లూ తిరిగి చూసింది. "ఇంకా మంచిగనే ఉన్నయి" అన్నారు. నేను మందుల గదిలోకి పోయి కాసేపు నిలబడి వచ్చాను.

వారం రోజులు మళ్లీ లెక్కపెట్టాను. పడుకున్నప్పుడు తొంభై రెండు. వరండా నడిచి వస్తే నూట ముప్పై. పది నిమిషాలు కూర్చుంటే తొంభై నాలుగు. ఏడు రోజులూ అంతే. ఆ కాగితం తీసుకొని ఇద్దరం పెద్ద డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన చెడ్డవాడు కాదు. పాత మధ్యప్రదేశ్ మనిషి, పించనుకు ఏడాది ఉంది. నలభై మంచాల వార్డులో అరవై మందిని పెట్టుకొని నడిపేవాడు.

"పీఠ్ సే డయాగ్నోసిస్ హోతా హై క్యా డాక్టర్ సాబ్?" అన్నాడు. వీపు విని రోగం చెప్తారా అని. నవ్వుతూనే అన్నాడు, అయితే అంకెలు రెండుసార్లు చదివాడు. సూదులు ఆపడానికి ఒప్పుకున్నాడు. క్షయ రిజిస్టరులో పిల్ల పేరు కొట్టెయ్యడానికి ఒప్పుకోలేదు. దానికి రుజువు కాగితం కావాలన్నాడు. ఆ పరీక్ష బొంబాయిలోనే జరుగుతుంది.

రిజిస్టరులో పేరు ఉంటే ఏమవుతుందో తల్లి చెప్పింది. వాళ్లది ఉమ్మడి ఇల్లు. ఇంటి పెద్ద, మల్లక్కకు పెద్దబాపు, అంటే తండ్రికి అన్న. చాందా నుంచి ఎర్రగీత కార్డు వచ్చిందని తెలియగానే ఆయన తల్లీబిడ్డల గిన్నెలు, బొంతలు పశువుల కొట్టంలో పెట్టించాడు. ఇక అక్కడే ఉండాలి. మల్లక్క దగ్గరికి పిల్లలెవరూ పోకూడదు.

"ఆయనది గుడ తప్పు గాదు సారు. ఆయనకు ముగ్గురు పిల్లలు" అంది తల్లి. "గా కాగితం మీద టీబీ లేదని రాసియ్యిండ్రి. బర్రెల నడుమ నా బిడ్డ ఎట్ల ఉంటది? ఒక్క దినమైతే ఓర్సుకుంటది. జన్మంత ఉంటదా?"

ఆ రోజు నుంచి మా ముందు ఉన్న పని ఒకటే. ఆ పిల్ల పేరు ఆ రిజిస్టరులోంచి తీయించడం.

ఆ పరీక్ష కోసం ఆయన బొంబాయికి మూడుసార్లు రాశారు. మొదటి ఉత్తరం పాత హైదరాబాదు ఫారం మీద రాసినందుకు తిరిగి వచ్చింది. రెండోది, రాసిన డాక్టరుకు బొంబాయి జాబితాలో నంబరు లేనందుకు తిరిగి వచ్చింది. "నంబర్ లేనోడు చెవి పెడ్తే సప్పుడు ఇనవడదా?" అన్నారాయన, అంతే. టీ సాసరులో పోసుకొని చల్లారేదాకా మరిచిపోయారు. మూడోది పెద్ద డాక్టరు సంతకంతో పోయింది. జవాబు రావడానికి నలభై ఒక్క రోజులు. ఈ లోపల అక్టోబరులో ఇంకొక పిల్లవాడి వీపు విని కూడా ఇదే ఇరుకు అన్నారు. అది ఆ ఇరుకు కాదు, మామూలు గుండె రంధ్రం. అదీ నేను రాసుకున్న నోటు పుస్తకంలో ఉంది. ఆయన ఎప్పుడూ తప్పు చెప్పలేదని రాస్తే అబద్ధమవుతుంది.

డిసెంబరు తొమ్మిదిన టపా వచ్చింది. "లిస్టు?" అన్నారు అలవాటు కొద్దీ. గుమాస్తా ఆ రోజు "ఆ గయా సాబ్" అన్నాడు. జాబితా వచ్చింది, ఆయన పేరు ఆంధ్రప్రదేశ్‌కు ఖాయమైంది. పది రోజుల్లో అక్కడ చేరాలి. గుమాస్తా మిఠాయి అడిగాడు. ఆయన కాగితం చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకొని, తరవాతి పిల్లను పిలవమన్నారు.

పది రోజులు అయ్యాయి. ఆయన పోలేదు. పదిహేను అయ్యాయి. నేను అడిగాను.

"బొంబాయి వాళ్లు జనవరి మొదటి వారం రమ్మన్నరు. నేను పోతే ఈ పిల్లను ఎవలు తోల్కపోతరు? నువ్వు తోల్కపోతవా?"

"చేరకపోతే సీనియారిటీ పోతుంది కదా సార్?"

"పోతది."

"అమ్మగారు ఎదురుచూస్తుంటారు."

"చూస్తది" అన్నారు. కోపంగా కాదు. చాలా అలసిపోయిన మనిషి అన్నట్టు అన్నారు. కాసేపటికి, "నా పేరు ఒక లిస్టుల కిందికి పోతది, గంతే. గా పిల్ల పేరు లిస్టుల నుంచే పోవాలె" అన్నారు.

జనవరిలో పిల్లను, తల్లిని, తండ్రిని వెంటబెట్టుకొని బొంబాయి పోయారు. అక్కడ మోచేతి దగ్గరి నరంలోంచి సన్నటి గొట్టం లోపలికి పంపారు. అది గుండె దాటి ఊపిరితిత్తుల నాళాల్లోకి పోయింది. గుండె దాటిన చోట ఒత్తిడి ఎనభై అయిదు. కొంచెం లోపలికి పోగానే ఇరవై. రెండు వైపులా అంతే. ఇరుకు అక్కడే ఉంది. జనవరి పద్దెనిమిదిన వాళ్లు తిరిగివచ్చి, వరండాలో బల్ల మీద కూర్చున్నారు. ఆయన కాగితం నా చేతికిచ్చారు. పేరు మొదటిసారి చదివాను.

తల్లి అడిగింది, "ఇప్పుడు మందు ఇస్తరా సారు?"

"మందు లేదమ్మా."

"కోత?"

"గంత లోపలికి కత్తి పోదు. ముందు ముందు ఏమన్న వస్తదేమో. ఇయ్యాల లేదు."

ఆమె నా చేతిలోని కాగితం వైపు చూసింది. తరవాత, "మరి ఇన్ని దినాలు దేనికి తిప్పినవ్ సారు? పేరు కోసమా? పేరు ఎందుకు మాకు?" అంది.

భర్త ఆమె చెయ్యి పట్టుకొని ఊరుకోమన్నాడు. డాక్టరుగారు ఆమెను ఆపొద్దన్నారు. "అడగనియ్యి. నేను గుడ గదే అడుక్కుంటున్న" అన్నారు. లేచి నేరుగా పెద్ద డాక్టరు గదికి పోయారు. జనవరి ఇరవయ్యిన రిజిస్టరులో తొమ్మిదో మంచం పేరు మీద పెద్ద డాక్టరు తన చేత్తో గీత కొట్టి సంతకం చేశాడు.

ఆ కాగితం తీసుకొని మల్లక్క తండ్రి ఊరికి పోయి, మూడో రోజే తిరిగి వచ్చాడు. అన్న నమ్మలేదట. "సర్కార్లు మారినట్టు రోగాలు గుడ మారుతయా అన్నడు సారు. మొన్న గదే దవఖాన టీబీ అన్నది, ఇయ్యాల గాదన్నది. ఏ మొహర్ ముద్ర నమ్మాలె అన్నడు."

జనవరి ఇరవై నాలుగున ఆయన బయలుదేరారు. నన్ను కూడా రమ్మన్నారు. బస్సు రాజురా దాకా, అక్కడి నుంచి బండి. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. పెద్దబాపు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి, మంచం వేయించాడు, నీళ్లిప్పించాడు. మల్లక్కను మాత్రం గుమ్మం దాటనివ్వలేదు.

"నా ఇంట్ల ముగ్గురు పిల్లలున్నరు సారు. నన్నేం జెయ్యమంటవ్?"

ఆయన కాగితం తీయలేదు. మెడలోని గొట్టం తీసి పెద్దబాపు చెవులకు పెట్టారు. వాకిట్లోనే మల్లక్కను తల్లి భుజం మీద వేయించి, బిళ్ల వెచ్చబెట్టి, ఎడమ వీపున ఆనించారు.

"ఏమినవడ్తున్నది పటేలా?"

"ఉస్సుమంటున్నది."

"బిడ్డా, ఊపిరి ఆపు. ఇప్పుడు?"

పెద్దబాపు కళ్లు పెద్దవయ్యాయి. "ఇంకా ఉన్నది!"

"దగ్గు ఊపిరితోటి వస్తది. ఇది ఊపిరిల లేదు, నెత్తురు పోయే తొవ్వల ఉన్నది. తొవ్వ సన్నగుంది, పుట్టినప్పటి సంది. తొవ్వ సన్నగుండుడు ఒకలి నుంచి ఇంకొకలికి అంటుకుంటదా?"

తరవాత పెద్దబాపుకు తన ముగ్గురు పిల్లల వీపులూ వినిపించారు. అవి మామూలుగా ఉన్నాయి. చుట్టుపక్కల వాళ్లు చేరారు. మేం ఇంటాం, మేం ఇంటాం అన్నారు. మల్లక్క నానమ్మ కూడా గొట్టం పెట్టించుకొని "అవ్వో, లోపల ఎవలో ఊదుతున్నరే" అంది. పదిహేడు మంది విన్నారు, లెక్కపెట్టాను. పిల్ల విసిగిపోయి తల్లి భుజం మీదే నిద్రపోయింది.

పెద్దబాపు చివరగా ఇంకొక్కసారి విన్నాడు. గొట్టం తీసి ఆయన చేతికిచ్చి, లోపలికి చూసి గట్టిగా అన్నాడు, "వాళ్ల బొంతలు లోపటికి తెండ్రి." మరదలి భుజం మీది పిల్లను తానే అందుకొని ఇంట్లోకి పోయాడు.

తిరుగు బండిలో ఆయన కళ్లు మూసుకున్నారు. ఈసారి నిజంగానే నిద్రపోయారు.

జనవరి ఇరవై ఏడున చాందా వదిలారు. ఆర్డరు వచ్చిన నలభై తొమ్మిదో రోజు. గడువు మీద ముప్పై తొమ్మిది రోజులు ఎక్కువ. దానికి ఆయన ఏం పోగొట్టుకున్నారో నాకు పూర్తిగా తెలియదు. తరవాత విన్నదాన్ని బట్టి, ఆయన కంటే చిన్నవాళ్లు అయిదుగురు ఆయనకు పై అధికారులయ్యారు. బల్లార్షా స్టేషనులో రైలెక్కించినప్పుడు నాతో చెప్పిన మాట, "నాడి పట్టే ముందల పిల్లను కూసుండవెట్టు."

1964లో, మార్చి నెలాఖరున, మల్లక్క తల్లి ఆసుపత్రికి వచ్చింది. నన్ను వెతుక్కుంటూ మూడు వార్డులు తిరిగింది. పిల్ల మార్చి అయిదున పోయింది. ఇంటికి పోయిన నాటి నుంచి ఆరేళ్ల ఒక నెల పది రోజులు.

"నడింట్ల పోయింది సిస్టరమ్మా. పక్కల నేను, ఇంకో పక్క వాళ్ల పెద్దబాపు బిడ్డ పండుకున్నది. గంతే చెప్పి పోదామని వచ్చిన. సారుకు గుడ చెప్పు" అంది.

నేను కూర్చోబెట్టి అన్నీ అడిగాను. ఎన్ని రోజుల నుంచి వాపు వచ్చింది, పెదాలు నీలమయ్యాయా, చివరి రోజు ఏమైనా తిన్నదా. అన్నీ రాసుకొని, ఆయన పనిచేస్తున్నారని తెలిసిన ఊరికి ఉత్తరం వేశాను. కార్డు మీద జవాబు వచ్చింది. ఎప్పటిలాగే రెండు ముక్కలు. "వివరాలు అందినవి. అమ్మాయి బడికి పోయిందా?"

నేను అది అడగలేదు. అంత రాసుకొని, అది అడగలేదు.

మరుసటి ఆదివారం బస్సెక్కి మల్లక్క వాళ్ల ఊరికి పోయాను. అడగగానే తల్లి పనిలోంచి లేచింది. "పోయింది. నాలుగేండ్లు పోయింది. మరాఠీ బడి. రా, చూపిస్త" అంది. ఇంటి నుంచి బడి దాకా ఇద్దరం నడిచాం. దర్జీ అరుగు దగ్గర ఆగి, ఇక్కడ కూర్చునేది అంది. చేదబావి గట్టు దగ్గర ఆగి, ఇక్కడ అంది. బడి గోడ మలుపులో ఇంకొకసారి ఆగింది.

"ఒక్కతే కూర్చునేదా?" అని అడిగాను.

"ఒక్కతి ఎందుకు కూసుంటది? వాళ్ల పెద్దబాపు పిల్లలు గుడ కూసుండేటోళ్లు. వాళ్లను చూసి కడమోళ్లు. మందకు మంద. పంతులు రోజు తిట్టేటోడు, మీ ఊరి పిల్లలకు కాళ్లు లెవ్వా అని."

ఆ సాయంత్రం రాజురా బస్సు స్టాండులో కూర్చొని ఆయనకు కార్డు రాశాను. "పోయింది. నాలుగేళ్లు. ఇంటి నుంచి బడికి నా అడుగుల లెక్కన మూడు వందల పన్నెండు. మూడు చోట్ల ఆగేది. తనతో పాటు అందరూ ఆగేవారు."